తలుపు లేని గది

ఇవాంజెలిన్‌కు నలభై ఆరేళ్లు. మధ్యాహ్నం అంట్లు తోమాక వంటింట్లో మోకరించి పైకే ప్రార్థన చేసుకోవడం ఆమె అలవాటు. అమీర్‌పేటలో హాస్టళ్ల వెనక సందు, రెండు గదుల ఇల్లు. ఆ వేళప్పుడు పక్క హాస్టల్ నుంచి వచ్చే సాంబారు వాసన తప్ప ఆమెను పలకరించేది ఏదీ ఉండదు.

భర్త లెవీ ఎర్రమంజిల్‌లో గుమాస్తా. నెల కిందట ఫ్రిజ్ మీద గుండ్రటి స్పీకర్ ఒకటి పెట్టాడు.

"పేరు పెట్టి పిలిస్తెనే ఇంటది. పాటలు పెట్టుమని చెప్పు, పెడ్తది" అన్నాడు.

పిలవకున్నా, గొంతు వినబడితే చాలు అది రికార్డు చేసి తన ఫోన్‌లో చేరుస్తుందని చెప్పలేదు. పెళ్లాన్ని కాయడానికి మొగుడికి రెండు చెవులు చాలలేదు. మూడోది బజార్లో దొరికింది.

ఒక సాయంత్రం చెప్పులు విడవకుండానే అడిగాడు.

"పగటీలి ఇంట్లకు ఎవరొస్తున్నరే?"

"ఎవరొస్తరు? నేనొక్కదాన్నే."

"మరి గీ ఆమేన్ ఎవరిది? నా ఇంట్ల నాకు తెల్వకుండ ఏం నడుస్తుంది?"

ఫోన్ నొక్కాడు. ఆమె గొంతే. దేవుడికి తప్ప ఎవరికీ చెప్పని మాటలు. విక్రమ్ అనే కుర్రాడితో మెట్రో ఎక్కిందని బిడ్డను రెండు రోజులు గదిలో పెట్టి తండ్రి తాళం వేసిన సంగతి. ఇన్‌హేలర్ బయట ఫ్రిజ్ మీదే ఉండిపోయిన సంగతి. తాళం చెవి తన కొంగుముడిలోనే ఉన్నా, మొగుడి భయంతో తీయని సంగతి. తాళం మాట దాచి, ఆయాసం ఎక్కువై చనిపోయిందని మాత్రమే చర్చిలో అందరికీ చెప్పిన సంగతి.

ప్రార్థన ముగిసింది. ఒక్క క్షణం... ఆ తర్వాత సన్నగా, పిల్లికూతల ఊపిరితో...

"ఆమేన్."

ఒలీవియా. ఆ బిడ్డే, పంతొమ్మిదేళ్ల ఒలీవియా. పోయి ఏడాదయింది.

లెవీ మెడ తుడుచుకున్నాడు. అతనికి ఆ గొంతు కన్నా దానికి ముందున్న మాటలే ఎక్కువ భయం.

"రేపటి సంది మనసుల చేస్కో. నోరు లేవొద్దు."

దేవుడి ముందు కూడా ఆమె నోరు మూయించాడు. మర్నాడు మధ్యాహ్నం ఆమె పెదవి కదపలేదు. లోపల్లోపల ఒకటే అడిగింది... బిడ్డా, నన్ను క్షమించినవా?

సాయంత్రం లెవీ చేతిలోంచి ఆమే ఫోన్ లాక్కుంది. ఒక్కటే రికార్డింగ్. గొంతు వినబడితేనే రికార్డు చేసే ఆ డబ్బాకు ఎవరి గొంతు వినబడిందో తెలియదు. ఫ్యాను చప్పుడు... ఇంకా ఫ్యాను చప్పుడే... ఆమేన్ రాలేదు.

టక్.

టక్... టక్.

చెక్క మీద వేలి కణుపులు. లోపలి నుంచి.

"అమ్మా... తాళం తియ్యవా?"

"బంద్ చెయ్" అని గొణిగాడు లెవీ. అతని చూపు బిడ్డ గది వైపు పోయింది.

ఆ గదికి ఇప్పుడు తలుపే లేదు. బిడ్డ పోయిన వారానికే లెవీ దాన్ని ఊడబీకించి, ఎర్రగడ్డలో పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. గుమ్మానికి ఒక కర్టెన్ వేలాడుతోంది. అది కదలలేదు.

మర్నాడు ఇవాంజెలిన్ స్పీకర్‌ను సంచిలో వేసుకుని, తాళం చెవి గుప్పిట్లో పట్టుకుని పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌కు నడిచింది. ఫిర్యాదు కాగితంలో నేరం చేసినవాళ్లుగా లెవీ పేరు, దాని కింద తన పేరు కూడా రాయించింది.