తోడువేలు

"నేను రాను. మీరు ముగ్గురూ వెళ్ళిరండి."

పొద్దున్నుంచి ఆమె ఈ మాట అనడం ఇది నాలుగోసారి.

"ముగ్గురం వెళ్ళి ఏం చేస్తాం? పర్మిట్ కార్డు నీ పేరు మీదుంది! నీ ఉద్యోగాన్ని చూసే మనల్ని ఈ దేశంలో ఉండనిస్తున్నారు. నీ వేలిముద్ర పడకపోతే మా ముద్రలు గోడకేసుకోవాలి!"

భర్త ఫైలు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"తలనొప్పిగా ఉందండీ."

"మూడు నెలల్నుంచీ తలనొప్పేనా? రోజూ వందమంది వేళ్ళు పట్టుకుని నొక్కిస్తావు. నీ వేలు ఒక్కసారి పెట్టడానికి ఇంత బెట్టా?"

"ఈరోజే లాస్ట్ డేట్ అమ్మా," కూతురు బ్యాగు జిప్పు వేస్తూ అంది. "రేపు స్కూల్లో కొత్త కార్డు చూపించకపోతే లోపలికి రానివ్వరు."

అత్తగారు అప్పుడే చెప్పులేసుకుని కుర్చీలో కూర్చుంది.

"చెప్పులు విప్పనా, ఉంచనా? అదొక్కటి తేల్చండి చాలు."

ఆమె కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది.

ముందుగదిలో టీవీ అరుస్తోంది.

"ఒకే వేలిముద్ర... మూడు పేర్లు! దొంగ పర్మిట్ల ముఠా గుట్టురట్టు! ముగ్గురినీ ఈ సాయంత్రం ఐదింటికి దేశం దాటిస్తామని మంత్రి ప్రకటన!"

గిన్నె చేతిలోంచి జారింది.

ముఠా లేదు.

ఆ వేలు... ఆమెది!

ఫోన్ మోగుతోంది. సూపర్‌వైజర్.

"అక్కా, టీవీ చూశావా?"

"ఆ ముగ్గురూ..."

"ఫోన్లో వద్దు! విను. రిన్యూవల్‌కి రాని స్టాఫ్ ఎవరని అడుగుతున్నారు. నువ్వు రాకపోతే ముందు నీ మీదే పడతారు. కుడి బొటనవేలికి కట్టు కట్టుకుని రా. ఏడో కౌంటర్. మనవాడే. ఎడమ వేలు తీసుకుంటాడు. ఐదింటికి బస్సు కదుల్తుంది, ఫైలు మూసేస్తారు. అంతే!"

"వాళ్ళేం చేశారు?"

"నువ్వేం చేశావో అది గుర్తు తెచ్చుకో!"

లైన్ కట్!

రెండు నిమిషాల్లో ఆమె బొటనవేలికి గుడ్డ చుట్టుకుని బయటికొచ్చింది.

"పదండి."

భర్త వెంటనే టాక్సీకి ఫోన్ చేశాడు. వస్తానన్న మనిషిని ఎందుకని అడిగి చెడగొట్టుకోవడం దేనికి?

అత్తగారు మాత్రం ఆ కట్టు వైపే చూస్తోంది.

"ఏమైందే?"

"కత్తి తగిలింది అత్తయ్యా."

"రక్తమేదమ్మాయ్?"

ఆమె తలుపుకి తాళం వేస్తోంది.

* * *

టాక్సీ. ట్రాఫిక్. నాలుగూ ఇరవై.

ఆమె చేసిన పనికి ఆమె ఆఫీసులో ఒక ముద్దుపేరుంది. తోడువేలు.

పర్మిట్ల ఆఫీసును మంత్రి ఒక కంపెనీకి అప్పగించాక పుట్టిన అలవాటది. ఒక రోజులో ఐదు రిజెక్టులు దాటాయా... మర్నాడు ఆ కుర్చీలో ఇంకొకరు! వచ్చేవాళ్ళేమో గిన్నెలు తోమేవాళ్ళు, ఇటుకలు మోసేవాళ్ళు. గీతలు అరిగిపోయిన వేళ్ళు. మెషీన్ పట్టుకోదు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి... కెమెరా వైపు చూడమని చెప్పి, ఆపరేటరే తన వేలు ఆనించేస్తుంది. పాలలో తోడు వేసినంత తేలిగ్గా.

పాపమనిపించి చేసిందా? కుర్చీ పోతుందని చేసిందా?

రెండూ. ఏది ఎంతో ఆమె ఎప్పుడూ తేల్చుకోలేదు.

ఆమె మూడుసార్లు చేసింది. మొదటివాడు బండలకు పాలిష్ పట్టేవాడు. వాడి వేళ్ళను యాసిడ్ నీళ్ళు నున్నగా తినేశాయి. పర్మిట్ చేతికొచ్చిన రోజు అరచేయంత నల్లరాయి తెచ్చాడు. అద్దంలా మెరుస్తోంది.

"కాగితాలు ఎగరకుండా పెట్టుకోండి మేడమ్. మీ చలవ."

ఆ రాయి ఇప్పుడు కూతురి హోంవర్క్ మీద ఉంది.

ఇన్నేళ్ళూ పాత ముద్రల జోలికి ఎవరూ పోలేదు. ఇప్పుడు ఎన్నికలొచ్చాయి. మంత్రికి ముఠా కావాలి. కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చి ముద్రలన్నీ ఒకదానితో ఒకటి పోల్చారు. మూడు పేర్ల మీద ఒకే వేలు!

ఆమె పాత కార్డు మెషీన్లు రాకముందుది; దాని ముద్ర కాగితం మీదే ఉండిపోయింది. అందుకే ఆ వేలు ఎవరిదో మాత్రం మెషీన్‌కి తెలీదు. ఆమె తన ముద్ర ఇచ్చేదాకా.

* * *

నాలుగూ నలభై.

రాతి భవనం. దొరల కాలంనాటిది. ద్వారం మీద వాళ్ళ చిహ్నాన్ని ఉలితో చెక్కి తీసేసి, ఆ మచ్చ కనపడకుండా కంపెనీ బోర్డు పెట్టారు.

"మా నాన్న ఓడ దిగి ఇక్కడే బొటనవేలు వేశాడు," అత్తగారు మెట్లెక్కుతూ ఆయాసపడింది. "అప్పుడు కనీసం కూర్చోడానికి బల్లలుండేవట."

భర్త, అత్తగారు, కూతురు లోపలికెళ్ళారు. ఆమె ఆగింది.

ఆవరణలో బస్సు! కిటికీలకు ఇనుప జాలీ.

"మేడమ్!"

ఆమె తిరిగి చూసింది.

జాలీ వెనక పాలిష్ పనివాడు. నవ్వుతున్నాడు! నిజంగానే నవ్వుతున్నాడు!

"సార్, అదుగో, ఆ మేడమే! నా వేలిముద్ర ఆవిడే తీసింది! ఆవిణ్ణడగండి, నేను దొంగనో కాదో! మేడమ్, ఒక్క మాట చెప్పండి!"

వాడికి తెలీదు. ఆరోజు వాడు కెమెరా వైపు చూస్తున్నాడు.

మోచేతి మీద ఒక చెయ్యి పడింది. బిగిసింది. సూపర్‌వైజర్!

"తల తిప్పకు. నడువ్ అక్కా."

"వాడికి చిన్నపిల్లలున్నారు."

"నీకూ ఉంది ఒకత్తి. లోపల లైన్లో ఉంది. నువ్వు నోరు విప్పితే కంపెనీ కాంట్రాక్టు పోతుంది, నేను పోతాను. నీ ఇంటిల్లిపాదీ అదే బస్సెక్కుతారు. ఎక్కిస్తావా?"

బస్సు ఇంజన్ స్టార్టయింది.

"మేడమ్!" నవ్వు పోయింది. జాలీని రెండు చేతులా పట్టుకున్నాడు. "మేడమ్, గుర్తుపట్టలేదా?"

ఆమె చెయ్యి విదిలించుకుంది!

పరుగు... మెట్లు... చెప్పు తెగింది! వెనక బూట్ల చప్పుడు. "అక్కా! ఆగు!" గార్డు భుజం మీది తుపాకీ చేతిలోకొచ్చింది. ఆమె మెడలోని స్టాఫ్ కార్డు చూసి ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ ఒక్క క్షణం చాలు... లోపల పడింది!

ఏడో కౌంటర్.

"ఎక్కడికి పోయావు? మన టోకెనే!" భర్త కసిరాడు. "మా ముగ్గురివీ అయిపోయాయి. నీదొక్కటే!"

కౌంటర్ కుర్రాడు కట్టు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఎడమది పెట్టండి మేడమ్."

నాలుగూ యాభై ఆరు.

ఎడమ వేలు పెడితే... కొత్త కార్డు. కూతురికి స్కూలు. రాత్రికి ఇల్లు, భోజనం, నిద్ర.

నిద్ర?

ఆమె పళ్ళతో ముడి లాగింది. గుడ్డ ఊడింది.

చిన్న గాటైనా లేని బొటనవేలు.

"అమ్మాయ్..." అత్తగారి గొంతు.

"అక్కా, వద్దు!" తలుపు దగ్గర్నుంచి కేక.

కుడి బొటనవేలు గాజు మీద పడింది!

ఒక సెకను... రెండు...

సైరన్!

తెర ఎర్రబడింది. ఒకటి కాదు, మూడు ముఖాలు! మధ్యలో పాలిష్ పనివాడు, కెమెరా వైపు బుద్ధిగా చూస్తూ. కింద మెరుస్తున్న అక్షరాలు: ముద్ర ఇక్కడ దొరికింది. మూడు కేసులూ నిలిపివేయండి.

బయట ఇంజన్ ఆగిపోయింది.

గార్డు తుపాకీ ఆమె వైపు తిరిగింది. తలుపు దగ్గర సూపర్‌వైజర్ లేడు.

హాలంతా చూస్తోంది. ఆమె మాత్రం తనవాళ్ళ ముగ్గురి వైపే తిరిగింది. భర్త చేతిలోంచి ఫైలు జారిపోతోంది. దాన్ని పట్టుకుని, సరిచేసి, మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది. కూతురి చెదిరిన జడ వెనక్కి వేసింది.

"మన కార్డులు..." భర్త ఫైలు వైపు చూశాడు.

"ఉండవు," అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఆ ముగ్గురి వేలూ నాదేనండీ. నేను లోపలికెళ్ళి మొత్తం రాసిస్తాను. ఈ రాత్రికి ఇంటికి రాను. అత్తయ్యా, పిల్లకి అన్నం మీరు పెట్టండి. దాని హోంవర్క్ మీదున్న నల్లరాయి, తెర మీద మధ్యలో ఉన్నతని భార్యకి ఇచ్చేయండి. కొత్త పర్మిట్ కోసం రేపు వాళ్ళు నిలబడే లైన్లోనే మనమూ నిలబడదాం."