రెండు వందల పన్నెండో మరణం

దర్జీ ఆవిడ మెళ్లో టేపు తియ్యకుండానే పరిగెత్తుకొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో నలిగిన కాగితాన్ని బల్లమీద పెట్టి అరచేత్తో చరిచింది.

"మా అమ్మ చచ్చిపోలేదట, టీచరమ్మగారూ! ఆఫీసువాళ్లు రాసిచ్చారు, చూడండి."

టైపిస్టు కాగితం అందుకున్నాడు. ఇరవయ్యేళ్లు కోర్టులో టైపు కొట్టి, ఆ తర్వాత టీచరమ్మ దగ్గర అసిస్టెంటుగా చేరిన మనిషి అతను. ఆమె బడి వదిలేసి డిటెక్టివ్ ఏజెన్సీ తెరిచి పదేళ్లయింది. పిల్లల హోంవర్కులో కాపీ పట్టిన కళ్లకి పెద్దవాళ్ల అబద్ధాలు ఒక లెక్కా అని అతను కనపడ్డవాళ్లందరికీ గొప్పగా చెప్పేవాడు.

కాగితంమీద ఒకటే వాక్యం. 'మీరు తెలిపిన మార్చి రెండో తేదీన ఆ పేరుతో మరణం నమోదు కాలేదు.'

"మార్చి రెండని మీకెవరు చెప్పారు?" అంది టీచరమ్మ.

"నా పుట్టినరోజండీ అది. నన్ను కంటూనే పోయిందట. నాన్న అప్పటికే లేడు. మేనత్త పెంచింది. తల్లిని పొట్టన పెట్టుకుని పుట్టావే అని యాభై ఏళ్లుగా ఒకటే మాట. అన్నం వడ్డిస్తూ కూడా అదే మాట." ఆమె టేపు కొస లాగి వేలికి చుట్టుకుంది. మరుక్షణం కోపం తన్నుకొచ్చింది. "నా సంగతి పోనివ్వండి. నెలాఖరుకి నా కూతురి పురుడు. తనూ అమ్మమ్మలాగే పోతానని తిండి మానేసింది. అమ్మమ్మ దేనివల్ల పోయిందో తెలిస్తే జాగ్రత్తపడొచ్చు, రికార్డు తెమ్మంది డాక్టరమ్మ. ఇంట్లో అందరికీ చెప్పే దరఖాస్తు పెట్టాను. ఇదీ వాళ్ల జవాబు! దీనికితోడు అంచులు కోసే పళ్ల కత్తెర ఎటు పోయిందో, వారంనుంచీ ఇల్లంతా వెతుకుతున్నాను. కుట్టాల్సినవన్నీ ఆగిపోయాయి."

"అన్నీ వెతుకుదాం," అంది టీచరమ్మ.

దర్జీ ఇంట్లో ముందుగదే కొట్టు. రెండు మిషన్లు, గుడ్డముక్కల గుట్టలు. మూల కుర్చీలో డెబ్భయ్యయిదేళ్ల మేనత్త, పక్కన తన గుడ్డసంచి పెట్టుకుని, ఎదురుగా స్టూలుమీద కాలు చాపుకుని గుండీలు కుడుతోంది. వాకిట్లో ఆమె తమ్ముడు చెప్పులు విప్పుతున్నాడు. అరవై దాటిన రిటైరైన బస్సు కండక్టరు. రోజూ భోజనానికి ఇక్కడికే వస్తాడు.

"ఏం జరిగిందండీ ఆ రోజు?" టీచరమ్మ మేనత్త పక్కన కూర్చుంది.

"జరిగేదేముంది? రక్తం ఆగలేదు. ఇది భూమ్మీద పడింది, అది పోయింది. ఇంట్లో అందరం ఏడ్చాం. ఆ ఏడే ఊరు మారిపోయాం. ఎందుకమ్మా ఇప్పుడివన్నీ? కడుపుతో ఉన్న పిల్లని హడలగొట్టడానికా?"

"మీరు కూడా అక్కడే ఉన్నారా?" టీచరమ్మ కండక్టరు వైపు తిరిగింది.

అతని మొహం కందగడ్డయింది. "పోయినవాళ్ల కాగితాలు తవ్వితే ఏమొస్తుందండీ? నా దగ్గర ఆ మాటెత్తకండి!" విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కుని విసవిసా వెళ్లిపోయాడు.

వీధిలోకి రాగానే టైపిస్టు పళ్లు నూరాడు. "ఇతనే మేడమ్. గట్టిగా నిలదీస్తే కక్కేస్తాడు."

"అరిచేవాణ్ణి ఎప్పుడైనా అడగొచ్చు. ముందు పుస్తకాన్ని అడుగుదాం. మనిషి ఏ ఊళ్లో పోతే అక్కడే రాస్తారు. ఇల్లు మారినంతమాత్రాన రికార్డు మూటాముల్లె కట్టుకుని రాదు."

ఆ పాత ఊరికి బస్సులో రెండు గంటలు. రికార్డు గదిలో గుమాస్తా తలెత్తకుండా ఫోన్లో ఏదో చూస్తున్నాడు.

"మార్చి రెండు అడిగారు, మార్చి రెండు చూశాను. ఏడాదంతా వెతకడానికి నాకేమన్నా పది చేతులున్నాయా?"

"ఉన్న రెండూ ఫోన్ని వదిలితే చాలు!" టైపిస్టు గొంతుకి అల్మారా అద్దాలు కదిలాయి. "అక్కడో పిల్ల తిండి మానేసి కూర్చుంది, తెలుసా నీకు?"

గుమాస్తా బిక్కచచ్చి పుస్తకాలు దించాడు. పేజీకో మరణం, పేజీకో నంబరు. మార్చి, ఏప్రిల్, మే. ఆగస్టు పుస్తకంలో టీచరమ్మ వేలు ఆగింది. రెండు వందల పదకొండు తర్వాత రెండు వందల పదమూడు ఉంది. మధ్యలో కుట్టు దగ్గర వేలెడు వెడల్పు కాగితం ముక్క మిగిలింది. దాని అంచు రంపప్పళ్లలా ఉంది.

"ఈ పుస్తకం ఈమధ్య ఎవరడిగారు?"

గుమాస్తా చీటీల కట్ట తిరగేశాడు. కిందటి గురువారంది ఒక చీటీ. 'ఆగస్టు పుస్తకం' అని రాసి, కింద అర్థంకాని గిలుకుడు సంతకం. "మనిషిని సరిగ్గా చూళ్లేదండీ. మాస్కు ఉంది. కుర్చీ ఇస్తే చాలక, కాలు చాపుకోడానికి స్టూలు కూడా వేయించుకోవడం మాత్రం గుర్తుంది. మా పెద్దసారు కూడా అంత దర్జా ఒలకబొయ్యడు."

"పేజీయే లేదంటే ఇంకేముంది మేడమ్? అంతా గంగలో కలిసినట్టే," అన్నాడు టైపిస్టు.

టీచరమ్మ మరో పేజీ అడుగున వేలితో తడిమింది. అక్కడ చిల్లుల గీత ఉంది. "కింది సగం ఏదీ?"

"అది లెక్కల ఆఫీసుకి నెలనెలా పంపుతామండీ. ఎంతమంది దేనివల్ల పోతున్నారో లెక్కేసుకోడానికి. దానిమీద పేరుండదు, నంబరే."

"మనకి కావలసింది నంబరే."

లెక్కల ఆఫీసు నేలమాళిగలో రెండు రోజులు దుమ్ము తిన్నారు. మూడోరోజు మధ్యాహ్నం దొరికింది, అరచెయ్యంత కాగితం. టైపిస్టు చదివాడు. మళ్లీ చదివాడు. పక్కనున్న కట్టని కాలితో ఒక్క తన్ను తన్నాడు.

"కాగితాల్ని కాదు," అంది టీచరమ్మ. "కోపం రేపటికి దాచుకో."

మర్నాడు పొద్దున్నే దర్జీ కొట్లో అందరూ చేరారు. కూతురు గోడకి ఆనుకుని నీరసంగా కూర్చుంది. కండక్టరు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మేనత్త కాలు స్టూలుమీదే ఉంది.

"దర్జీగారు దరఖాస్తు పెట్టాక, ఎవరో ఆ ఊరెళ్లి ఒక పేజీ కత్తిరించారు," మొదలుపెట్టింది టీచరమ్మ. "ఆ మనిషి అడిగింది ఆగస్టు పుస్తకం. మార్చిలో పోయిందని నమ్మేవాళ్లు ఆగస్టు ఎందుకడుగుతారు? అంటే అసలు తేదీ తెలిసిన మనిషి. ఈ ఇంట్లో అప్పటివాళ్లు ఇద్దరే. కండక్టరుగారు ఒకరు. కాలు చాపుకోడానికి స్టూలు లేందే కూర్చోలేని మనిషి ఇంకొకరు."

అందరి చూపులూ స్టూలుమీద పడ్డాయి. మేనత్త కాలు దింపబోయింది.

"ఉంచండి, నొప్పి పుడుతుంది. ఆ పేజీ అంచు పళ్లుపళ్లుగా తెగింది. సొరుగులో ఏ కత్తెర చేతికందితే అది పట్టుకెళ్లారు మీరు. తిరిగి పెడదామంటే ఇల్లంతా దానికోసమే వెతుకుతోంది. మీ పక్కనున్న ఆ సంచి ఇలా ఇస్తారా?"

మేనత్త సంచిని ఒళ్లోకి లాక్కుంది. దర్జీ ఒక్క అంగలో వచ్చి లాగేసి నేలమీద బోర్లించింది. గుండీల డబ్బా, మందుల పట్టీలు, అన్నిటికిందా పళ్ల కత్తెర ఠంగుమంది.

టైపిస్టు చిన్న కాగితం తీసి చదివాడు.

"నంబరు రెండు వందల పన్నెండు. స్త్రీ. ఇరవై రెండేళ్లు. మరణించిన తేదీ ఆగస్టు పంతొమ్మిది. కారణం, ధనుర్వాతం. జబ్బుపడ్డ రోజులు, తొమ్మిది. ప్రసవమైన ఆరు వారాల్లోపు మరణమా? కాదు. అందిన వైద్యం, లేదు."

"దీనిమీద పేరు లేదు," అంది టీచరమ్మ. "అయినా అది ఎవరి పేజీయో కత్తిరించిన చెయ్యే చెప్పింది. ఇవన్నీ మీరు చెబితేనే రాశారు పెద్దమ్మగారూ. అబద్ధమాడాలని అప్పటికింకా తోచలేదు. ఊరు మారాక తోచింది."

"తుప్పు మేకు," అన్నాడు కండక్టరు ఉన్నట్టుండి. "వదిన పాదంలో దిగింది. నాకు పదేళ్లు. డాక్టరు దగ్గరికి పరిగెత్తబోతే అక్క గొళ్లెం పెట్టింది. పని తప్పించుకోడానికి వేషాలేస్తోందంది. దవడ బిగుసుకుపోయాక, ఇప్పుడు పిలిస్తే అందరూ మొహాన ఉమ్మేస్తారంది."

"పదేళ్లవాడు భయపడ్డాడంటే అర్థముంది," టీచరమ్మ గొంతు మొదటిసారి లేచింది. "అరవయ్యేళ్లవాడు ఇక్కడే తింటూ, ఆ తిట్లు వింటూ, దేనికి భయపడ్డాడు?"

అతను గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

దర్జీ మెళ్లో టేపు పట్టుకుని వేళ్లమీద లెక్కపెడుతోంది. మార్చి, ఏప్రిల్, మే. "అయిదు నెలలు," అంది. "అత్తా, అమ్మ నన్ను అయిదు నెలలు ఎత్తుకుందా? పాలిచ్చిందా? నాతో మాట్లాడిందా?"

"పెంచాను కదే నిన్ను!" మేనత్త గొల్లుమంది. "నేను లేకపోతే ఏమైపోయేదానివి?"

"అమ్మ ఉండేదిగా!"

ఆ అరుపుకి వీధిలో నడిచేవాళ్లు ఆగి చూశారు.

టీచరమ్మ ఖాళీ ఫారం తీసి మేనత్త ఒళ్లో పెట్టింది. "పోయిన పేజీ మళ్లీ రాయించొచ్చు. అప్పుడు వివరాలిచ్చిన మనిషే సంతకం చెయ్యాలి. పేజీ చించినందుకు ఆఫీసువాళ్లు కేసు పెడతారు, అది వేరే సంగతి. ముందు ఇది రాయండి."

"చేతులు వణుకుతున్నాయి..."

"కత్తెర పట్టినప్పుడు వణకలేదుగా?" అన్నాడు టైపిస్టు.

దర్జీ మేనత్త పక్కన నిలబడి ఒక్కొక్క గడీ వేలితో చూపించింది. పేరు. వయసు. తేదీ. ధనుర్వాతం. చివరి గడి, 'అందిన వైద్యం' దగ్గర కలం ఆగిపోయింది.

"లేదు అని రాయి అత్తా. రెండక్షరాలే. యాభై ఏళ్లు మింగావు, ఇప్పుడు కక్కు."

కలం కదిలింది. గోడ దగ్గర్నుంచి కూతురి గొంతు సన్నగా వినిపించింది.

"అమ్మా, ఆకలేస్తోంది. అన్నముందా?"

దర్జీ ఒక్కసారి కళ్లు గట్టిగా మూసి తెరిచింది. మేనత్త చేతిమీంచి చూపు మాత్రం తిప్పలేదు.

"ఉందమ్మా. ఒక్క నిమిషం ఆగు, సంతకం అవనీ."