రాయికల్ గడిలో మంచు బులెటిన్

"తూటా ఖర్చు లేకుండా మన స్కీ గస్తీ దళం మొత్తాన్ని చంపేశారు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ జనార్దన్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. 1985, జనవరి. హిమాలయాల్లో స్కీల మీద గస్తీ తిరిగే జవాన్లకు రోజూ వైర్‌లెస్‌లో అవలాంచ్ బులెటిన్, అంటే మంచుచరియల హెచ్చరిక, వెళుతుంది. ఏ వాలు భద్రం, ఏ వాలు కూలుతుంది అని. శత్రువు అసలు బులెటిన్‌ను జామ్ చేసి, అదే కోడ్‌వర్డ్‌తో దొంగది చదువుతున్నాడు.

"సిగ్నల్ మీ జగిత్యాల వైపు నుంచే. అక్కడ ఏ వైర్‌లెస్ సెట్ కూసినా నక్సలైట్లదే అంటారు లోకల్ పోలీసులు. అంతకంటే మంచి మాటు ఏముంది?"

"మనవాళ్లు ఎవరున్నారు?"

"మనోరమ. రాయికల్ దగ్గర శ్యాంసుందర్ రావు దొర గడిలో, ఆ కోటలాంటి బంగళాలో, చుట్టం పేరుతో ఉంది. దొర అసలువాడే, గడి క్లీన్, సెట్ గుట్టల్లో ఉందంటోంది. దారి ఆమే చూపిస్తుంది. రేపు మధ్యాహ్నం ఇంకో గస్తీ దళం ఉత్తరపు వాలు దాటుతుంది. అక్కడ అడుగున చక్కెరలాంటి వదులు మంచు. పైన గాలికి గట్టిపడ్డ పలక. కాలు పడితే మొత్తం జారుతుంది. మన మాట వాళ్లకు అందడం లేదు. శత్రువు సెట్ పట్టుకుంటేనే అందుతుంది."

జనార్దన్ వెంటనే లేచాడు. ఆ దళంలో సిగ్నల్‌మ్యాన్ అతని తమ్ముడు బుచ్చన్న.

మర్నాడు చీరలమ్మే సాలెవాడి వేషంలో, సిరిసిల్ల చీరల మూటతో, బట్ట కొలిచే గజం కర్రతో కోరుట్లలో బస్సు దిగి, జీపెక్కి గడి ఉన్న ఊరు చేరాడు. అరుగు మీద బీడీలు చుడుతున్న ఎల్లవ్వ కస్సుమంది.

"గడికి వోతున్నవా? రైతుకూలి సంఘం బంద్ వెట్టిన గడి అది. మేం నీళ్లు గూడ పోస్తలేం. దొర మొఖం సూడక ఏడాదాయె. సావనీ!"

ఆ మాటల్లోని కసి జనార్దన్‌కు కొత్త కాదు. తల దించుకుని నడిచాడు.

గడి తలుపు తీసింది మనోరమ. నల్ల కళ్లద్దాలు, ఎర్రని పెదవులు, చేతిలో హ్యాండ్‌బ్యాగ్.

"చలికి ఏ బట్ట మంచిది?" అంది.

"తెల్లది. మరక దాగదు."

కోడ్ సరిపోయింది. వెనక నుంచి మెలిదిరిగిన మీసంతో దొర వచ్చాడు. "పాపం, దూరం నుంచి వచ్చావు. కూర్చో," అంటూ తనే కుర్చీ జరిపి, తన గ్లాసుతో మంచినీళ్లిచ్చాడు.

జనార్దన్ ఒళ్లు భగ్గుమంది. నాన్న కనకయ్య ఇలాంటి గడుల ముందు చెప్పులు చేతబట్టుకుని ఎండలో నిలబడేవాడు. ఈ తాలూకాలో ఏ దొరా, ప్రాణం మీదికొచ్చినా సరే, మూట మోసే సాలెవాడికి కుర్చీ వేయడు. ఈ వేషగాడికి మీసం నేర్పారు గానీ పొగరు నేర్పలేదు. మరి వీడు అసలువాడే అని రాసిన మనోరమ?

మేడ మీద సన్నగా జనరేటర్ హమ్మింగ్. జనార్దన్ చూపు పైకి పోవడం ఆమె కనిపెట్టింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికొచ్చింది.

"తెలివైనవాడివే. మావాడు చేసిన తప్పేంటి?"

"మర్యాద చేసిండు, మేడం."

గజం కర్ర మీట నొక్కాడు. అందులో దాచిన మత్తు సూది దొంగ దొర మెడలో దిగింది. మూటలోంచి విప్పి విసిరిన చీర వలలా మనోరమ మీద పడింది. ఆమె పేల్చిన గుండు దూలంలో దిగబడింది. పిస్టల్ లాక్కుని, ఆమెను అదే చీరతో స్తంభానికి కట్టి, రెండేసి మెట్లు ఎక్కాడు.

మేడ మీద సెట్‌లో బుచ్చన్న గొంతు. "వాలు మీదికి దిగుతున్నాం, ఓవర్."

"ఆగండి! దిగొద్దు!"

"ఇవాళ్టి కోడ్‌వర్డ్ చెప్పండి, ఓవర్."

సెట్ పక్కన కాగితం మీద పాత కోడ్ కొట్టేసి ఉంది; పొద్దున్నే మనోరమ మార్చేసింది, కొత్తది రాయలేదు. జనార్దన్‌కు ఏడుపొచ్చినంత పనయింది.

"కోడ్ లేదు, గీడ్ లేదు! నేన్రా బుచ్చన్నా, నీ అన్నను! కింద మంచు చక్కెర లెక్కున్నది, పైన పలక గట్టింది. కాలేస్తే మొత్తం జారుతది. ఎనుకకు మర్రుండ్రి!"

జనార్దన్ మైకు బటన్ వదిలి చెవొగ్గాడు. తర్వాత సెట్ పగిలిపోయేంత హోరు. తర్వాత ఆ హోరూ ఆగిపోయింది. జనార్దన్ మైకును రెండు చేతులా పట్టుకుని కూలబడ్డాడు.

"అన్నా..." బుచ్చన్న రొప్పుతున్నాడు. "మా కండ్ల ముంగటనే గుట్టంత కూలింది. అందరం బతికినం. గీ ముచ్చట అవ్వకు చెప్పకన్నా."

జనార్దన్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఎట్ల సెప్తరా? నేను హైదరాబాద్ల లెక్కలు రాసే గుమస్తననుకుంటున్నది అవ్వ."