నీసు తగిలిన పెనం

"కొయ్యకుండా ఇయ్యమంటే కొయ్యకుండా ఇయ్యాల. అంతే గదప్పా."

శ్రీకాళహస్తి బస్టాండు పక్కన బేకరీలో, వాన వెలిసీ వెలియని సాయంత్రం, తడిసిన గొడుగును అద్దాల బీరువాకు ఆనించి ఆ అమ్మాయి బేకరీ నడిపే మునిచంద్రతో అన్న మొదటి మాట ఇది. గొడుగు నీళ్లు ధారకట్టి బన్నుల ట్రే కిందికి పోతున్నాయి. నీళ్లను చూడాలో అమ్మాయిని చూడాలో తేల్చుకోలేక అతను అమ్మాయినే చూశాడు.

బ్రెడ్డంటే ముక్కలు కోసి కవర్లో కట్టి అమ్మేదని, కోయని బ్రెడ్డు అడిగినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరని అతను చెప్పాడు. మిషన్లో కోసిన ముక్క పలచగా ఉంటుందని, మధ్యలో మాంసం పెడితే తడిసి చిరిగిపోతుందని, తనకు కావలసిన మందాన తనే కోసుకుంటానని ఆమె చెప్పింది. బ్రెడ్డులో మాంసమేమిటని అడిగితే స్టేక్ సాండ్‌విచ్ అంది. అదీ కొరియా పద్ధతిలో.

"కొరియావోళ్లు బ్రెడ్డు తింటారా?"

"నువ్వు ఇచ్చేది సూడు. తినేది నేను."

కోయని బ్రెడ్డు తీసుకుని వెళ్లిపోయింది. గొడుగు మాత్రం మరిచిపోయింది. మరునాడు అదే అమ్మాయి తమ మేడమీది పోర్షన్లోకి సామాను ఎక్కిస్తుంటే మునిచంద్ర గొడుగు చేత్తో పట్టుకుని మెట్లకింద నిలబడ్డాడు. అంత సంతోషంగా ఎవరి గొడుగునూ ఎవరూ తిరిగి ఇచ్చి ఉండరు.

ఆమె పేరు ధరణి. ఊరు పాకాల. నాయన గంగాధరానికి అక్కడ మామిడితోటలున్నాయి. తడ వైపు ఒక కొరియా కంపెనీలో క్వాలిటీ సెక్షన్లో ఉద్యోగం. పొద్దున కంపెనీ బస్సులో పోయి చీకటిపడే వేళకు వస్తుంది. అక్కడి క్యాంటీన్లో ఎప్పుడో ఒకసారి తిన్న సాండ్‌విచ్ ఆమె నాలుకను పట్టుకుని వదల్లేదు. దాన్ని ఇంట్లో చేసి తీరాలని పంతం.

ఆ పంతానికి బ్రెడ్డు మునిచంద్రది. ఆమె కోసం అతను పొడవాటి బ్రెడ్డు ప్రత్యేకంగా కాల్చేవాడు. పైన ఇంకాస్త ఎర్రగా రావాలంటే ఎర్రగా, లోపల మెత్తగా ఉండాలంటే మెత్తగా. బేకరీలో మిగతావాళ్లు బన్ను గట్టిగా ఉందంటే మాత్రం పాలలో ముంచుకోమనేవాడు.

మాంసం దగ్గరే వ్యవహారం తెగలేదు. పొట్టేలు తొడను ఎముక లేకుండా పలచటి పట్టీలుగా కోయమంటే మటన్ కొట్టతను ఆమెను ఎగాదిగా చూసి, కూరకు సరిపోవమ్మా అన్నాడు. సోయా సాసు, వెల్లుల్లి, బెల్లం, నువ్వుల నూనె, మాంసం మెత్తబడడానికి తురిమిన బేరికాయ, కంపెనీ స్నేహితురాలు తెచ్చిచ్చిన కొరియా ఎర్ర కారం ముద్ద అన్నీ పట్టించి నానబెట్టేది. తీరా నాన్‌స్టిక్ పెనం మీద వేస్తే మాంసం నీరు వదిలి ఉడికేది తప్ప వేగేది కాదు.

"ఇనప పెనం కావాల. బాగా బరువుండేది," అంది ధరణి ఒక ఆదివారం పొద్దున్నే మెట్ల మీద నిలబడి. "మీ ఇంట్లో ఉండాదా?"

ఉంది. ఉండడమే వచ్చిన చిక్కు.

మునిచంద్ర ఇంట్లో మాంసం, చేప, గుడ్డు అన్నిటినీ కలిపి నీసు అనేవాళ్లు. నీసు వంట పెరట్లో, వేరే పొయ్యి మీద, వేరే గిన్నెల్లో. వంటింట్లోకి వాసన కూడా రాకూడదు. వంటింట్లో ఉన్న ఇనప పెనం అతని తల్లి మునిరత్నమ్మది. దాని మీద దోసె తప్ప మరొకటి పడి ఎరగదు. చపాతీ కూడా దానికి అంటరాదు. ఏళ్ల తరబడి నూనె తాగి నల్లగా నిగనిగలాడే ఆ పెనం మీద దోసె వేస్తే, అట్లకాడ అంచుకు తగలగానే లేచి వచ్చేది.

పైగా వెంకటేశ్వరస్వామికి మొక్కే పెరటాసి నెల ముంచుకొస్తోంది. ఆ నెలంతా ఇంట్లో నీసు ఉండదు. ఆ నెలలో వచ్చే తిరుమల శనివారాలకు మునిరత్నమ్మ ఒంటిపూట అన్నం తిని, రాత్రికి ఆ పెనం మీద వేసిన దోసెతో సరిపెట్టుకుంటుంది. అందుకే నీసు తినే ఆఖరి ఆదివారమని ఊరంతా మటన్ కొట్ల ముందు నిలబడి ఉంది. మునిరత్నమ్మ, ఆమె భర్త మునిరామయ్య మాత్రం పూతలపట్టులో మోకాలికి ఆపరేషనైన అక్క ఇంట్లో ఉన్నారు. శుక్రవారానికి గాని రారు.

మునిచంద్ర పెనం తెచ్చాడు.

"ఇది నీసు పెనమేగా?" అడిగింది ధరణి.

"ఆ," అన్నాడు మునిచంద్ర. అంత చిన్న అబద్ధం ఉండదు. ఒక్క అక్షరం.

తరువాత జరిగింది చెప్పడానికి నోరూరుతుంది. పెనం పొగ వచ్చేదాకా కాగింది. మాంసం పట్టీలు పడగానే సుయ్యిమంది. అంచులు నల్లబడి, బెల్లం పాకంలా మెరిసింది. మందంగా కోసిన బ్రెడ్డుకు వెన్న రాసి అదే పెనం మీద కాల్చి, కారంగా ఊరిన క్యాబేజీ, మాంసం, పైన వేయించిన నువ్వులు పెట్టింది. మొదటి ముక్క కొరికీ కొరకగానే ఇద్దరూ రెండోదానికి నోరు తెరిచారు. మునిచంద్ర గడ్డం మీద సాసు కారుతుంటే ధరణి నవ్వి తన చున్నీ కొస అందించింది. ఈ జన్మకు ఇది చాలనుకున్నాడతను.

ఆ ఆనందం పెనం తోమేదాకానే. చేతికి అంచున చిన్న విరుపు తగలగానే ధరణి ఆగిపోయింది. ఆ విరుపున్న పెనం మీద మునిరత్నమ్మ పోసిన దోసె ఆమె కింది వంటింట్లో కూర్చుని ఎన్నిసార్లు తినలేదు!

"ఇది అత్త దోసె పెనం గదా," అంది. అతను తల దించుకున్నాడు. "నేనడిగినప్పుడు 'ఆ' అంటివే."

లేదంటే ఆమె మొహం చిన్నబోతుందేమోనని అలా అన్నానని అతను చెప్పబోయాడు. ఆమె వినలేదు. సబ్బుకు పెనం నలుపంతా లేచిపోయి అక్కడక్కడ తెల్లగా కనిపిస్తోంది.

మరునాటి నుంచి పెనానికి ఆ నలుపు తిరిగి తెప్పించడానికి పెరట్లో వాళ్లిద్దరికీ ఒకటే పని. రాళ్లుప్పుతో రుద్దడం, చింతపండుతో తోమడం, కట్టెలమంట మీద ఎర్రగా కాల్చడం, నూనె పట్టించడం. వాన వస్తే ధరణి గొడుగు పెనానికి పట్టేది. మునిచంద్ర తడిసేవాడు. మొదటి రోజు ఆమె అసలు మాట్లాడలేదు. రెండోనాటి దోసె పెనానికి అతుక్కుని ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆ ముక్కలను అతను కుదురుగా ప్లేటులో పేర్చి, కొరియా దోసె, కొయ్యకుండా ఇయ్యలేము అన్నాడు. ఆమె నవ్వు ఆపుకోవాలని చూసి ఓడిపోయింది. ఆపైన చెడిపోయిన దోసెలే వాళ్ల టిఫిను. అంత రుచిగా ఏ దోసే ఉండదని ఇద్దరికీ అనిపించింది గాని, ఎవరూ పైకి అనలేదు.

శుక్రవారం పొద్దున దోసె గుండ్రంగా, ఎర్రగా, చిరగకుండా లేచింది. మునిచంద్ర ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇక అమ్మకు చెప్పే పనే లేదన్నాడు.

ధరణి అట్లకాడ కింద పెట్టింది.

"అత్త రేపు ఒక్కపొద్దుండి దీని మీదే దోసె పోసుకుంటాది. తెలీకుండా ఆమె నియమం చెడిపితే, నేనింక ఈ ఇంట్లో ఎట్లుండేది?" అంది. "నువ్వంటే నాకిష్టం చంద్రా. బ్రెడ్డు కోసం ఒకదినం వస్తారు గాని, రోజూ వస్తారా ఎవురైనా? అందుకే నువ్వన్న ఆ ఒక్క 'ఆ' మాటకు నాకింత కష్టంగా ఉండాది. రేపు సాయంత్రం లోపల నువ్వు చెప్పు. లేకుంటే నేనే చెప్పి, రూము ఖాళీ చేసి పోతా."

ఇష్టమన్న మాటకు గాల్లో తేలాలో, ఖాళీ చేస్తానన్న మాటకు కూలబడాలో తెలియక మునిచంద్ర పెనాన్నే చూస్తూ నిలబడ్డాడు. చెప్తే అమ్మ ఆమెను ఉండనివ్వదు. చెప్పకపోతే ఆమే ఉండదు.

శనివారం మునిరత్నమ్మ తలంటుకుని, నామం పెట్టుకుని, పిండి దీపం వెలిగించింది. సాయంత్రం పొయ్యి ముట్టించి పెనం పెట్టింది. మునిచంద్ర పొద్దుటి నుంచి వంటింటి గడప దాకా వచ్చి మంచినీళ్లు తాగి పోతూనే ఉన్నాడు. ఆమె గరిటెతో పిండి తీసింది.

"అమ్మా, పొయ్యొద్దు. ఆ పెనానికి నీసు తగిలింది. నేనే చేసినాను."

"అత్తా, పొయ్యొద్దు. మాంసం వేయించింది నేను."

ధరణి ఎప్పుడు దిగి వచ్చిందో అతను చూడలేదు. ఆమె మాటను తోసి అతను, అతని మాటను తోసి ఆమె తప్పు తనమీదే వేసుకున్నారు. అది నీసు పెనమని నేనే అబద్ధం చెప్పినానని అతను. చేతికి తీసుకుని చూడని గుడ్డిదాన్ని నేనని ఆమె. మునిరత్నమ్మ గరిటె పిండిలో వదిలేసి పొయ్యి ఆర్పింది. వాళ్లిద్దరూ చెమటలు కక్కుతూ నిలబడ్డారు.

"చిన్నప్పుడు గాజు గ్లాసు పగలగొట్టి, పిల్లి పడేసిందన్నాడు వీడు," అంది చివరికి, ధరణి వైపు తిరిగి. "ఈడ పిల్లే లేదు. అట్లాంటోడు ఈ దినం ఇంకొకరి తప్పు గూడా నాదే అంటాండాడంటే, నాకు అర్థం కాదనుకుంటిరా?"

ఆమె పెనాన్ని గుడ్డతో పట్టుకుని దించి, విరిగిన అంచును బొటనవేలితో తడిమింది.

"మా యమ్మ నా పెండ్లికిచ్చిన పెనం ఇది. కోడలొస్తే చేతికిద్దామనుకున్నా. నీసు తగిలినాక ఇంక ఈ వంటింట్లో ఉండేదానికి లేదు. తీసుకపో పాపా. నీ దగ్గరే ఉండనీ."

ధరణి రెండు చేతులా అందుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మునిచంద్రకు విషయం కాస్త ఆలస్యంగా అర్థమైంది. అయ్యాక మొహం దాచుకోవడానికి చోటు దొరకలేదు.

"అప్పుడే నవ్వొద్దు," అంది తల్లి. "నాకు కొత్త పెనం కావాల. మీరిద్దరే తెచ్చి, పెరట్లో కూసోని, నా ముందరే దాన్ని పదును చేయాల. దాని మీద దోసె చిరగకుండా లేచిన దినం ఈ పిల్ల నాయనతో మాట్లాడతా. అంతవరకు ఎవురూ ఎవురితోనూ ఏమీ చెప్పేది లేదు."

ఇంతసేపూ హాల్లో పేపరు చాటున ఉన్న మునిరామయ్య అప్పుడు గొంతు సవరించుకున్నాడు. "ఆ మాంసం ఏమన్నా మిగిలుండాదా?" అని అడిగాడు. భార్య చూసిన చూపుకు మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.

పెరటాసి నెలంతా సాగిన అంత తియ్యటి శిక్ష ఎవరికీ పడి ఉండదు. కంపెనీ బస్సు దిగగానే ధరణి పెరట్లోకి వచ్చేది. మునిచంద్ర బేకరీ పనివాళ్లకు అప్పగించి పరుగెత్తుకొచ్చేవాడు. ఉప్పు, మంట, నూనె, మళ్లీ దోసె. మునిరత్నమ్మ స్టూలు మీద కూర్చుని, మంట తగ్గించమని, అంత నూనె ఎందుకని గదమాయించేది. కొత్త పెనం మొండిది. వారాలు గడిచినా దోసె మధ్యలో పట్టుకునేది. చిరిగిన ప్రతిసారీ మునిచంద్ర తల పట్టుకునేవాడు. ధరణి మాత్రం చిరిగిన సగం అతని ప్లేటులో వేసి, మిగతా సగం తను తినేది.

ఆఖరి తిరుమల శనివారం సాయంత్రం సన్నగా తుంపర పడుతోంది. ధరణి పిండి పోసి గుండ్రంగా తిప్పింది. అంచులు ఎర్రబడ్డాయి. అట్లకాడ తగలగానే దోసె అంతా ఒక్కసారిగా లేచి, ఆకులాగా ఆమె చేతి మీదికి వాలింది.

మునిరత్నమ్మ దోసె తిని, వేళ్లు కడుక్కుని, ఫోను ఇమ్మంది. పాకాలకు కలిపి చెవిన పెట్టుకుంది.

"గంగాధరన్నా, నేను మునిరత్నాన్ని, మీ పాపుండే ఇంటామెను. ఏం లేదన్నా, మంచి మాటే. పెరటాసి అయినాక వచ్చే ఆదివారం వదినను పిలుచుకొని రాండి. ఆ, భోజనం ఈడనే," అంటూ పిల్లలిద్దరి వైపు చూసింది. "కూరలేమీ చెయ్యను. కోడలు అదేందో కొరియా రొట్టె చేస్తాదంట."