బొత్తానికి కాడ

“తాతయ్యా, బటన్ అంటే ఏమిటో తెలుసా?”

కుట్టుమిషన్ ఆగింది. టైలర్ తాతయ్య కళ్లజోడు పైనుంచి మనవరాలిని చూశాడు. కనిపించిన మాటకల్లా పుట్టుక అడుగుతుందని బడిలో ఆమెకు డిక్షనరీ అని పేరు పెట్టారు.

“ఏమిటే?”

“మొగ్గ! పాత ఫ్రెంచి మాటట. నిన్న టీచర్ చెప్పారు. మన బొత్తాం కూడా దానికి చుట్టమే!”

“అయితే నలభై ఏళ్లుగా మొగ్గలు కుడుతున్నానన్నమాట!”

బల్ల మీద బ్యాండు మాస్టారి కోటు ఉంది. మందపాటి ఎర్ర గుడ్డ. ఆరు బొత్తాలు కుట్టాలి. సాయంత్రం ఐదింటికి మాస్టారు ఆ కోటుతోనే పెద్ద మైదానంలో కచేరీ చేయాలి.

“నేను కుడతా తాతయ్యా. చొక్కాలకు కుట్టాగా!”

“కోటు సంగతి వేరే. ఆగు, చూపిస్తా.”

“అబ్బా, నాకు తెలుసులే. నువ్వు టీ తాగిరా.”

తాతయ్య నవ్వుకుంటూ వెళ్లాడు. డిక్షనరీ ఒక్కో బొత్తాన్నీ గుడ్డకు అదిమి, దారం బిర్రుగా లాగి కుట్టేసింది. లాగినా కదలవు. భేష్ అనుకుంది.

నాలుగింటికి మాస్టారు వచ్చి కోటు తొడుక్కున్నారు. మొదటి బొత్తాం కాజాలో దూరలేదు. అంత మందపు గుడ్డ పట్టడానికి బొత్తాం కింద చోటేదీ? గట్టిగా లాగారు. పుటుక్కున తెగి బల్ల కిందికి దొర్లింది.

“ఇదేం పనండీ తాతగారూ! అంతమంది ముందు ఈ కోటుతో నిలబడనా?”

తాతయ్య తల వంచాడు. “తప్పు నాదే బాబూ.”

డిక్షనరీ చటుక్కున ముందుకొచ్చింది. తాతయ్య ఒకరి ముందు తల వంచడం ఆమె ఎన్నడూ చూడలేదు.

“తాతయ్యది కాదండీ. నేను కుట్టాను. చూపిస్తానన్నా వినలేదు.”

మాస్టారు గడియారం వైపు చూశారు. “సరే, కానివ్వండి. తొందరగా!”

తాతయ్య ఊడిన బొత్తాం అందుకున్నాడు. దాని మీద అగ్గిపుల్ల పెట్టి, పుల్ల మీదుగా కుట్టి, పుల్ల లాగేశాడు. బొత్తాం వదులై పైకి లేచింది. దాని కింద దారం గట్టిగా చుట్టి ముడివేశాడు.

“మొగ్గన్నావుగా. కాడ లేకుండా మొగ్గ ఉంటుందటే?”

“టీచర్ ఇది చెప్పలేదే!”

“పాపం, ఆవిడ కోట్లు కుట్టదుగా.”

మిగతా అయిదూ డిక్షనరీయే విప్పి మళ్లీ కుట్టింది. వేలికి రెండుసార్లు సూది గుచ్చుకున్నా ఆపలేదు.

మాస్టారు కోటు వేసుకున్నారు. పై అయిదూ వెన్నలా దూరాయి. అడుగుది మాత్రం కాస్త మొరాయించింది.

“ఫర్వాలేదులే, అడుగు బొత్తాం ఎవరు చూస్తారు!” అంటూ ఆయన గుమ్మం వైపు కదిలారు.

డిక్షనరీ కత్తెరతో అడ్డం నిలబడింది.

“ఆగండి మాస్టారూ. దాని కాడ పొట్టిదైంది. అయిదు నిమిషాలు.”

“ఈ కొట్లో టైలర్ ఎవరమ్మా? నువ్వా, ఆయనా?”

తాతయ్య ఛాతీ ఉప్పొంగింది. లేచి తన కుర్చీ మాస్టారికి వేశాడు.

“కూర్చోండి బాబూ. ఆవిడ ఆగమన్నాక ఇక నా మాట చెల్లదు.”

డిక్షనరీ అప్పటికే దారం కత్తిరించేసింది.