జంట ఆసనం

మిట్టమధ్యాహ్నం... అయినా సూర్యబింబం జాడ లేదు. కారుమేఘాలు నభోమండలాన్ని కాటుకలా కమ్మేశాయి. ఉరుముల ఘోషకు పాత సామాన్ల దుకాణంలో అద్దాల బీరువాలు గజగజలాడుతున్నాయి. పట్టపగలే ఒక గుడ్లగూబ కిటికీ మీద వాలి, రెప్పవేయకుండా లోపలికే చూస్తోంది...

చెల్లెలితో కలిసి దుకాణం నడిపే అక్కకు ఆ చూపు నచ్చలేదు. అంతకంటే నచ్చనిది పాడుబడ్డ మేడనుంచి ఆ ఉదయమే వచ్చిన నల్లచేవ కుర్చీ. ఒకే చట్రంలో ఎదురెదురుగా రెండు ఆసనాలు... ఒకటి చిన్నది, ఒకటి సింహాసనమంతది. నడుమ స్తంభంలో మనిషి తల పట్టేంత గుంట!

దాన్ని దేనికి చేశారో తెలియక అక్కాచెల్లెళ్ళిద్దరూ బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. మొగుడూపెళ్ళాల తగువు తీర్చడానికై ఉంటుందనీ, పెద్దది గెలిచినవాళ్ళకనీ చెల్లెలు నవ్వింది. రోగిని కూర్చోబెట్టి వైద్యం చేసేదేమోనని అక్క అనుమానం. గుంట సంగతి మాత్రం ఇద్దరికీ అంతుపట్టలేదు. చెల్లెలు ఉండబట్టలేక చిన్న ఆసనంలో కూర్చుంది.

అంతే... లేవలేకపోయింది.

అప్పుడే తలుపు తోసుకుని ఒక బక్కపలుచటి వృద్ధుడు వచ్చాడు. ఎన్నాళ్ళుగానో దీనికోసమే తిరుగుతున్నానంటూ సంచిలోంచి కపాలం తీసి గుంటలో పెట్టాడు. అది అచ్చంగా అమరిపోయింది.

"ఇది దేనికో నేను చెబుతానమ్మా," అన్నాడు మెల్లగా. "చిన్నదాంట్లో కూర్చున్నవాళ్ళ ఆయుష్షు పెద్దదాంట్లోవాళ్ళకి వస్తుంది. మీ చెల్లెలికి బోలెడు మిగిలుంది."

అక్క వాడి మీదికి ఉరికింది. వాడు వేలెత్తాడు... నడుము కింద భాగం కొయ్యబారిపోయి ఆమె కుప్పకూలింది. మాంత్రికుడు మహాసనం అధిష్ఠించి భీకర మంత్రోచ్చారణ మొదలుపెట్టాడు. చెల్లెలి కేశాలు నెరుస్తున్నాయి, చెక్కిళ్ళు ముడతలు పడుతున్నాయి... వాడి చర్మం నిగనిగలాడుతోంది!

"నా ప్రాణం తీసుకో. దాన్ని వదిలెయ్," అని అక్క వేడుకుంది. వాడు నవ్వాడు.

పాకుతూ వెళ్ళి చెల్లెలి పాదాలు పట్టుకోబోయిన ఆమెకు, కిందినుంచి మరొకటి కనిపించింది. పెద్ద ఆసనం అడుగున మడిచిపెట్టిన ఇనుప సంకెల... దాని చుట్టూ చెక్కనిండా గోళ్ళతో గీరిన గాట్లు. చిన్న ఆసనం అడుగు నున్నగా ఉంది.

ఈ కుర్చీ అసలు బంధించేది పెద్దదాంట్లో కూర్చున్నవాణ్ణి! ఉన్న సత్తువంతా కూడదీసుకుని సంకెలను వాడి కాళ్ళమీదుగా లాగి బిగించింది.

పిడుగు పడ్డట్టయింది. కపాలం కళ్ళగుంటల్లో అగ్నిజ్వాలలు లేచాయి. చెల్లెలి నోటినుంచి ఒక ముసలావిడ గొంతు వినిపించింది.

"దీన్ని చేయించింది నేనేరా, నువ్వు మోసుకొచ్చిన ఆ పుర్రె నాదే. నీలాంటివాళ్ళ కోసమే."

మాంత్రికుడి ఆర్తనాదం దుకాణమంతా మార్మోగింది... వాడి దేహం ఎండుటాకులా ముడుచుకుని, బూడిదై, చెక్క పగుళ్ళలోకి ఇంకిపోయింది. చెల్లెలి ముఖంలో యవ్వనం తిరిగొచ్చింది. కళ్ళు మాత్రం ఇంకా ఆ ముసలావిడవే.

కాళ్ళలోకి ప్రాణం వచ్చిన అక్క లేచి చెల్లెల్ని పొదువుకుంది.

"మరి ఈ చిన్న ఆసనమెందుకు?" అని అడిగింది.

"ఎర లేకపోతే వాళ్ళు రారమ్మా."

"ఇదివరకు ఇందులో కూర్చున్నవాళ్ళు ఏమయ్యారు?"



"అందరికీ అక్కలు ఉండరుగా."