ఒక్క రేసూ గెలవని ఏడాది

"నీకు భయం పట్టుకుంది బావా. ఆ మాట ఒప్పుకోలేక నిలకడ, నిలకడ అని దానికో పేరు పెట్టావు."

ఆదివారం మధ్యాహ్నం, ముగ్గురూ భోజనాలకు కూర్చున్నప్పుడు తమ్ముడు అన్న మాట అది. వడ్డించబోతున్న గరిటె ఆమె చేతిలోనే ఆగిపోయింది. భయంభయంగా భర్త వైపు చూసింది. ఆయన తలెత్తలేదు. ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో నింపాదిగా తింటూనే ఉన్నాడు.

"ఊరుకోరా చిన్నా. తినేటప్పుడు ఏం మాటలవి?" అందామె.

"మరెప్పుడు మాట్లాడనక్కా? కారు దగ్గర మేనేజరు ఊరుకోమంటాడు, ఇంట్లో నువ్వు ఊరుకోమంటావు. నిన్న నేను కారు రెండో స్థానంలో తెచ్చి ఈయన చేతికిచ్చాను. ఈయన దాన్ని నాలుగోది చేసి పెట్టాడు. ముందున్నవాడు కళ్లెదుటే కనిపిస్తున్నాడు, పట్టుకుందామని ఉంటేగా... వెనకవాళ్లకి దారిచ్చుకుంటూ షికారుకొచ్చినట్టు నడిపాడు."

"నాలుగో స్థానానికీ పాయింట్లున్నాయిరా" అన్నాడు భర్త మెల్లగా. "మన ముందొచ్చిన ముగ్గురిలో ఇద్దరు పోయినసారి అసలు చివరిదాకా రానేలేదు."

"ఎప్పుడూ ఆ పాయింట్ల గోలే. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి గెలుద్దామని లేదు నీకు. పిరికివాడితో కలిసి ఒకే కారు నడపాల్సి రావడం నా ఖర్మ."

కంచం ముందుకు తోసేసి లేచి వెళ్లిపోయాడు. వీధి తలుపు ధడేలుమంది. ఆమె నోరు తెరిచింది... భర్త తల అడ్డంగా ఊపాడు. తెరిచిన నోరు మూసుకుంది.

ఆ ఏడాదంతా ఆమె చేసిన పని అదే. నోరు తెరవడం, మూసుకోవడం.

బావా బావమరుదులిద్దరూ ఒకే స్పోర్ట్స్ కారుకి డ్రైవర్లు. అవి గంటల తరబడి సాగే రేసులు. ఒకరు నడిపి అలిసిపోతే రెండోవారు ఎక్కాలి. ఇద్దరూ కనీసం ఇంతసేపని నడిపి తీరాలి, లేకపోతే వచ్చిన స్థానం లెక్కలోకి రాదు. ఏడాది పొడుగునా ఏడు రేసులు. అన్నిట్లో వచ్చిన పాయింట్లు కలిపి ఎక్కువ ఎవరికుంటే ఆ జోడీ ఛాంపియన్. వీళ్లది చిన్న జట్టు. అందరికంటే వేగమైన కారేం కాదు. ఒకసారి మూడు, ఒకసారి రెండు, మళ్లీ మూడు, నాలుగు... ఒక్క రేసూ గెలవకుండానే పట్టికలో పైకి పాకుతూ వచ్చారు. గెలిచినవాళ్లు ఒకసారి గెలిచి, మరోసారి గోడకి గుద్దుకుని, ఇంకోసారి ఇంజను కాల్చుకుని వెనకబడిపోయారు. వీళ్ల కారు మాత్రం ప్రతిసారీ చివరిదాకా వచ్చింది. అలా తెచ్చేది బావే అని, కార్లు ఆపి డ్రైవర్లు మారే చోట, పిట్‌లో అందరికీ తెలుసు. తెలియనిదల్లా ఆయన అంత జాగ్రత్తగా ఎందుకు నడుపుతున్నాడన్నది.

ఆ ఆదివారానికి చాలా ముందు, రెండో రేసు అయిన వారంలో ఒకరోజు పొద్దున్న ఆయన చేతిలోంచి గ్లాసు జారిపోయింది. మర్నాడు మళ్లీ జారింది. ఎడమచేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని అప్పుడు చెప్పాడు. ఇద్దరూ ఆస్పత్రికి వెళ్లారు. చాలా ఏళ్ల కిందట కారు పల్టీ కొట్టినప్పుడు మెడకి తగిలిన దెబ్బ ఇన్నాళ్లకి బయటపడిందట. మెడలో ఎముక జరిగి నరాన్ని నొక్కుతోందట.

"ఇవాళే కారు నడపడం ఆపండి. నెలలోపు ఆపరేషన్ చేయించుకుంటే చెయ్యి దక్కుతుంది. ఆలస్యం చేసినకొద్దీ ఆ నరం చచ్చిపోతుంది. అది చచ్చాక ఎవరూ ఏమీ చెయ్యలేరు" అన్నాడు డాక్టరు.

ఇంటికొస్తూ దారిలో ఆమె అంది, "ఇవాళే తమ్ముడికి చెప్పేద్దామండీ."

"చెప్పకూడదు. వాడికి తెలిస్తే నన్ను కారెక్కనిస్తాడా? నేను ఎక్కకపోతే జోడీ విడిపోయినట్టే. ఏడాది పోతుంది. పెద్ద జట్లవాళ్లు వాడివైపు చూడాలంటే ఛాంపియన్ అన్న పేరు కావాలి."

"వాడి పేరు కోసం మీ చెయ్యి పోగొట్టుకుంటారా? వాడు నా తమ్ముడు, నేనే ఒద్దంటున్నాను."

"మీ అమ్మ పోయాక వాడు మనింటికి వచ్చినప్పుడు ఇంత ఉన్నాడు. నా ఒళ్లో కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు, గుర్తుందా? నీకొక్కదానికే తమ్ముడనుకోకు. ఇంకోటి... అంతా వాడి కోసమే అని కూడా అనుకోకు. ఇన్నేళ్లు తిరిగాను. ఆ పేరు నాకూ ఒక్కసారి కావాలని ఉంది. నా మీద ఒట్టు, వాడికి చెప్పకు."

మనిషి నెత్తిమీద చెయ్యి పెట్టించుకుని మరీ అడిగితే ఏ భార్య కాదనగలదు? ఆమె ఒట్టేసింది. వేశాక తెలిసింది, తను వేసుకున్నది ఎలాంటి సంకెలో.

అప్పట్నుంచీ ప్రతి రేసుకీ వెళ్లి పిట్‌లో ఓ మూల చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడేది. కారు ఎదుటి నుంచి దూసుకుపోయినప్పుడల్లా, ఆ చెయ్యి ఇప్పుడు స్టీరింగు పట్టుకోగలుగుతోందా అని ఆమె కళ్లు దాని వెంటే పరిగెత్తేవి. రేసుకి ముందు పరీక్ష చేసే డాక్టరు గుండె, కళ్లు చూసి పంపేసేవాడు. అందుకు సంతోషించాలో ఏడవాలో ఆమెకి తెలిసేది కాదు. ఇంటికొచ్చాక చొక్కా బొత్తాలు తనే పెట్టేది, తనే తీసేది. తమ్ముడు అటుగా వస్తే గభాలున పక్కకి జరిగేది. "ఏంటక్కా, ముసలాళ్లయ్యాక కొత్త పెళ్లికొడుకులా ఈయన ముస్తాబు" అని వాడు నవ్వేవాడు, ఇంకా మాటలున్న రోజుల్లో. ఆ ఆదివారం తర్వాత ఆ నవ్వూ పోయింది. "మీ ఆయనతో చెప్పు, టైర్లు మార్చాలి" అని వీడు. "మీ తమ్ముడికి చెప్పు, మార్పించాను" అని ఆయన. ఒకే గదిలో ఉండి కూడా ఇద్దరూ ఆమెతోనే మాట్లాడేవాళ్లు. మధ్యలో ఆమె టెలిఫోను తీగలా తయారైంది.

ఆఖరి రేసుకి ముందు వారం తమ్ముడు వంటగదిలోకి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, ఎర్రకార్లవాళ్లు పిలిచి మాట్లాడారు."

ఆ పెద్ద జట్టు పేరు వినగానే ఆమె చేతిలోని కత్తి పక్కన పెట్టేసింది. "ఏమన్నారురా?"

"ఆఖరి రేసు గెలిచి చూపించు, చోటు నీదే అన్నారు. మరి ఛాంపియన్ అయితే చాలదా అన్నాను. ఛాంపియన్లు మాకు బోలెడుమంది ఉన్నారు, మాకు గెలిచేవాడు కావాలి అన్నారు." గొంతు తగ్గించాడు. "బావకి చెప్పకక్కా. తెలిస్తే నన్ను ముందుకి పోనివ్వడు."

ఏ పేరు కోసం ఆయన నెలనెలా తన చేతిని చంపుకుంటున్నాడో, ఆ పేరు వాళ్లకి అక్కర్లేదట... ముందుగదిలోంచి ఆయన దగ్గు వినిపించింది. వెళ్లి చెప్పనా? చెప్పి ఏం లాభం? పోవలసింది ఈపాటికి చాలావరకు పోయింది. ఇంత కష్టపడి తెచ్చుకున్న దాంట్లో అర్థమే లేదని ఆఖరి వారంలో ఆయన మొహమ్మీద ఎలా అనగలదు? తమ్ముడితో ఆయన మాట చెప్పలేదు. ఆయనతో తమ్ముడి మాట చెప్పలేదు. ఇద్దరికీ తెలియాల్సినదంతా తన ఒక్కదాని గుండెలో పడి కొట్టుకుంటోంది. వాడు వెళ్లాక పొయ్యి దగ్గరే కూర్చుని కుళ్లికుళ్లి ఏడ్చింది. కూర మాడిన వాసన వస్తే లేచి కళ్లు తుడుచుకుంది.

ఆఖరి రేసు రోజు ఎండ మండిపోతోంది. మూడో స్థానంలోపు వస్తే ఛాంపియన్‌షిప్ వీళ్లదే. మొదట తమ్ముడు నడిపాడు. తర్వాత ఆయన ఎక్కాడు. కారు మూడో స్థానంలోనే ఉంది, కానీ మలుపుల్లో వెనక భాగం ఊగుతోందని పక్కన మెకానిక్‌లు గొణుక్కోవడం ఆమె వింది. ఎందుకు ఊగుతోందో ఆమెకొక్కదానికే తెలుసు. హెడ్‌ఫోన్లలో ఆయన ఊపిరి వినిపిస్తోంది. మధ్యమధ్య పళ్లబిగువున ఒక మూలుగు. మేనేజరు "బాగానే ఉన్నారా?" అంటే, "బాగానే ఉన్నా" అని జవాబు.

ఆయన వంతు అయిపోయింది. కారు పిట్‌లోకొచ్చి ఆగింది. దిగినవాడు ఎక్కినవాడికి బెల్టులు పెట్టాలి, అది ఆనవాయితీ. తమ్ముడు లోపలికి దూరి కూర్చున్నాడు. ఆయన వంగి బెల్టు అందుకున్నాడు. వేళ్లు బకిల్ మీదే జారిపోతున్నాయి. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది.

"ఏంటి బావా, త్వరగా..." అని విసుక్కుంటూ తమ్ముడు ఆ చెయ్యి పట్టుకుని బకిల్ మీద పెట్టబోయాడు. పట్టుకున్నవాడు అలాగే ఉండిపోయాడు. తన చేతిలో ఆ చెయ్యి తడిబట్టలా వేలాడుతోంది.

"బావా... చెయ్యేమైంది?"

"ఏం కాలేదు. నువ్వు పద."

వాడు కారులోంచి సూటిగా అక్క వైపు చూశాడు. ఆమె కళ్లు దించేసుకుంది. అంతే, వాడికి అర్థమైపోయింది. ఒక మెకానిక్ ఆయన్ని పక్కకి నెట్టి బెల్టులు బిగించాడు. కారు కదిలిపోయింది.

కొన్ని చుట్లయ్యాక హెడ్‌ఫోన్లలో వాడి గొంతు వినిపించింది. "అక్కకి మైకు ఇవ్వండి."

మేనేజరు అయోమయంగా ఆమె చేతికిచ్చాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండో రేసు తర్వాత నుంచిరా..."

"డాక్టరు?"

"ఆపెయ్యమన్నాడు. అప్పుడే."

ఆమె మైకు పట్టుకునే నిలబడింది. ఏదో ఒకటి అను చిన్నా, తిట్టైనా తిట్టు అని మనసులో బతిమాలుకుంది.

రేసు చివరికి వచ్చేసరికి ముందున్న రెండు కార్లూ మొదటి స్థానం కోసం కొట్టుకుంటున్నాయి. ఒక మలుపులో ఒకదాన్నొకటి రాసుకుని రెండూ పక్కకి ఒరిగాయి. మధ్యలో దారి తెరుచుకుంది. వెనకే ఉన్నాడు తమ్ముడు. పిట్‌లో అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. దూరిపోతే గెలుపు. ఆ రెంటిలో ఏదైనా ఇటు వాలితే కారు ముక్కలు, ఏడాది కష్టం మట్టిపాలు. ఎదురుగా గ్యాలరీలో ఎర్రకార్ల జట్టు మనిషి దుర్భిణి కళ్లకి పెట్టుకుని చూస్తున్నాడు.

ఇంజను హోరు తగ్గింది. వాడు కాలు తీసేశాడు.

"ఏమైంది?" మేనేజరు కంగారుగా అడిగాడు.

"ఏం కాలేదు. మూడు చాలు."

ఆ రెండు కార్లూ సర్దుకుని ముందుకి పోయాయి. తమ్ముడు వాటి వెనకే వచ్చి గీత దాటాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఎగిరి గంతులేస్తున్నారు, ఒకరినొకరు వాటేసుకుంటున్నారు. ఒక్క రేసూ గెలవకుండా ఛాంపియన్లయిన జోడీ అని మైకులో ఎవరో అరుస్తున్నారు. ఆమె మాత్రం టైర్ల దొంతర మీద కూలబడిపోయింది.

బావ ఎదుటికొచ్చి తమ్ముడు హెల్మెట్ తీశాడు. మొహమంతా తడి. "నిన్ను పిరికివాడన్నాను" అన్నాడు. ఆయన కుడిచేత్తో వాడి తల తన భుజానికి ఆనించుకున్నాడు. "గెలిచే దారి వదిలేశావెందుకురా?" అన్నాడు. "నువ్వు చెయ్యి ఇచ్చి తెచ్చినదాన్ని పందెం కాయమంటావా బావా? ఎర్రకార్లవాళ్లయితే..." అంటూ వాడు మొత్తం చెప్పేశాడు. వింటున్నకొద్దీ ఆయన మొహంలో రంగు తగ్గిపోయింది. వాడి తల మీదుగా భార్య వైపు చూశాడు.

"నీకు తెలుసా?"

ఆమె తలూపింది.

"అయితే నా చెయ్యి..." అని ఆగిపోయాడు. తనే మళ్లీ మెల్లగా అన్నాడు. "పోనీలే. నాకూ కావాలని అన్నానుగా."

ఎర్రకార్లవాళ్లు మళ్లీ పిలవలేదు. ఆయనకి మర్నాడే ఆపరేషన్‌కి ఏర్పాటు చేశారు.

ఆస్పత్రి వరండాలో అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకే బెంచీ మీద, మధ్యలో జాగా వదులుకుని కూర్చున్నారు. డాక్టరు వచ్చి మెడకి ఇక ప్రమాదం లేదన్నాడు. చెయ్యి గురించి అడిగితే, "ఆలస్యమైపోయిందమ్మా" అని భుజం తట్టి వెళ్లాడు.

తమ్ముడు నేలకేసి చూస్తూ అన్నాడు, "ఒక్క మాట చెప్పుంటే సరిపోయేదక్కా. ఆ రోజే కారు దిగిపోయేవాణ్ణి. ఆయన చెయ్యి ఉండేది."

"ఒట్టేయించుకున్నార్రా..."

"ఒట్టు. నన్ను పెంచిందానివి నువ్వు. నా చేత ఆ మనిషిని అన్ని మాటలు అనిపించావు. వింటూ నిలబడ్డావు."

చెప్పినా ఎవరో ఒకరికి ద్రోహమే అయ్యేది, చెప్పకపోయినా అయింది. ఇద్దరు మగవాళ్లూ ఒకరికొకరు చేసుకున్న త్యాగం జట్టులో అందరి నోళ్లలో నానుతోంది. ఇద్దరి మధ్యా ఆమె నలిగిన సంగతి ఎవరికీ కనిపించదు. కనిపించాలని ఆమెకీ లేదు.

"నా కోపం పోలేదక్కా. పోతుందో లేదో కూడా తెలీదు" అన్నాడు తమ్ముడు.

"పోకపోయినా రారా. వచ్చి తిట్టి వెళ్లు."

వాడు బెంచీ మీద కాస్త ఇటు జరిగాడు. ఆమె మోచేతికి వాడి మోచెయ్యి తగిలింది.

నర్సు వచ్చి పిలిచింది. ఆయన ఇంకా మత్తులోనే ఉన్నాడు. ఎడమచెయ్యి దుప్పటి మీద పరిచినట్టుగా పడి ఉంది. ఆమె పక్కన కూర్చుని ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. వెచ్చగానే ఉంది. వేళ్ల మధ్య వేళ్లు పోనిచ్చి మెల్లగా నొక్కింది. జవాబుగా ఒక్క వేలైనా కదుల్తుందేమోనని చూసింది... కదల్లేదు. గుమ్మంలో నిలబడ్డ తమ్ముడు మొహం తిప్పుకున్నాడు. ఆమె మాత్రం ఆ చెయ్యి వదలకుండా, ఆయన కళ్లు తెరిచేదాకా అలాగే కూర్చుంది.